ద్వారబంధానికి ఒక్క చీలిక కాదు, జంట కొట్టించండి

ద్వారబంధం నిలబెట్టాక గోడకీ దానికీ మధ్య సందులో ఒక చెక్క చీలిక కొట్టి వదిలేస్తుంటారు. అమలాపురంలో మా ఇంటికీ అలాగే చేశారు. చీలిక ఏటవాలు కదా, ఒత్తిడంతా ఒక అంచు మీదే పడి బంధం మెలి తిరిగింది. తలుపు నేలకు రాసుకునేది.

రెండు చీలికలు తీసుకుని, ఒకదాని సన్నకొన రెండోదాని మందం వైపుకి వచ్చేలా ఎదురెదురుగా దూర్చండి. అప్పుడు బయటి ముఖాలు సమాంతరంగా ఉండి ఒత్తిడి సమంగా పడుతుంది. బంధం నిటారుగా ఉందో లేదో తూకంగుండుతో (దారానికి వేలాడే బరువు) చూసుకుంటూ అటొక దెబ్బ, ఇటొక దెబ్బ, చిన్నగా. పాత లెటర్ ప్రెస్సుల్లో ఇనుప చట్రంలో సీసపు అక్షరాలను బిగించిందీ ఇలాంటి జంటలతోనే. వదులుంటే చట్రం ఎత్తగానే అక్షరాలు రాలేవి!

మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియాలంటే టేపు ఐమూలగా పట్టండి, రెండు కొలతలూ ఒకటే రావాలి. గోడ మూలకైతే మూల నుంచి ఒక గోడ మీద 3, రెండో గోడ మీద 4 అడుగుల దగ్గర గుర్తులు పెట్టి వాటి మధ్య 5 అడుగులు వస్తుందేమో చూస్తే చాలు.

మన డెల్టాలో వానాకాలం చెమ్మకు చెక్క ఉబ్బుతుంది. బాగా ఎండిన చెక్కే వాడండి. సిమెంటు గట్టిపడ్డాక చీలికలు తీయించి సందు పూడ్పించండి.