గీటురాయికి పెట్టకుండా పాత బంగారు వాచీని పరీక్షించడం ఎలా?

తిరుపతిలో ఏ ఇంటి బీరువాలోనైనా తాతగారి వాచీ బయటపడితే ముందు చేసే పని దాన్ని గాంధీ రోడ్డులోని బంగారం దుకాణానికి తీసుకెళ్లడం. అక్కడ గీటురాయి మీద గీస్తారు. దయచేసి గీయనివ్వకండి. గొలుసుకైతే సరే. వాచీ అంచు ఒకసారి అరిగితే ఎంత మెరుగు పెట్టినా ఆ పదును తిరిగి రాదు, సేకరించేవాళ్లు వెల కట్టేది ఆ పదునుకే. పైగా పూత మందంగా ఉంటే గీత కూడా బంగారమనే చూపిస్తుంది.

నిజం వెనుక మూత లోపల ఉంటుంది.

వాచీ మూత తీసే కత్తి, పది రెట్ల భూతద్దం, తెల్లని మెత్తని గుడ్డ చాలు. ఫ్యాన్ ఆపి, ఉదయం కిటికీ పక్కన కూర్చోండి. ట్యూబులైటు కింద ఈ పని చేయకూడదు. పట్టీ విప్పి, అది తగిలే కొమ్ముల అంచులు చూడండి. బంగారు రంగు కింద ఇత్తడి కనిపిస్తే అది పూతే, మూత జోలికి వెళ్లనవసరం లేదు. మూత చుట్టూ సమదూరంలో గాడులుంటే అది తిప్పి తీసేది, వాచీలు బాగుచేసే మనిషికే ఇవ్వండి.

నొక్కి బిగించిన మూత అయితే ఇక్కడ నిదానించాలి. అంచు వెంట గోరు నడిపితే ఒకచోట చిన్న పెదవిలా తగులుతుంది. కత్తి పెట్టవలసింది అక్కడే. వాచీని ఎడమ అరచేతిలో బోర్లించి గట్టిగా పట్టుకోండి. కత్తి పట్టిన చేతి బొటనవేలిని వాచీ అంచుకు ఆనించండి, జారకుండా ఆపేది అదే. కత్తిని లోపలికి పొడవకండి, ఉన్నచోటే మెలిపెట్టండి. టక్కుమని మూత లేస్తుంది.

లేవకపోతే బలం పెంచకండి, చోటు మార్చండి. కత్తి ఒక్కసారి లోపలికి దూసుకెళ్తే వాచీ నడకను అదుపు చేసే బ్యాలెన్స్ చక్రం పోయినట్టే, దాని ఇరుసు కొన వెంట్రుకంత సన్నం. పిన్నీసు, బ్లేడు, స్క్రూడ్రైవర్ అసలు ముట్టుకోకండి. మా పెదనాన్న వాచీని ఒక దుకాణంలో స్క్రూడ్రైవర్‌తో తెరిచారు. పెదవి దగ్గర మొదలై కొమ్ము దాకా పాకిన తెల్లని గీత నేటికీ నా కళ్లకు గుచ్చుకుంటుంది.

మూత లోపలి ముద్రలను భూతద్దంలో చదవండి. 1995కు ముందటి స్విస్ వాచీల్లో 18 క్యారెట్లకు స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడుత ముద్ర వేసేవారు. పక్కన బంగారం పాలు తెలిపే 0.750 లేదా 0.585 అని ఉంటుంది. 916 లేదని పెదవి విరవకండి. అది మన నగల లెక్క, రోజూ కట్టే వాచీకి 22 క్యారెట్లు మరీ మెత్తన. పాత మరమ్మతుదారులు సూదితో గీసుకున్న అంకెలు కనిపిస్తే వాటిని తుడవవద్దు, అది ఆ వాచీ చరిత్ర.

మూసేటప్పుడు మూతలోని నొక్కు కీ కాడకు ఎదురుగా రావాలి. రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కండి. టక్కుమనకపోతే మూత కూర్చోలేదు, తీసి మళ్లీ సరిచూసుకోండి.