రవ్వలు కొనడం నేర్చుకుందాం – 5వ పాఠం: మచ్చ వేరు, మసక వేరు

పోయిన పాఠంలో రవ్వలు, అంటే వజ్రాలు, చూసే పదింతల లూపు (చిన్న భూతద్దం) కంటికి ఆనించి పట్టుకోవడం నేర్చుకున్నాం. ఇంట్లో ఉన్న ముక్కుపుడకనో ఉంగరాన్నో చూసి, కనిపించిన మచ్చలు కాగితం మీద గీసుకోమన్నాను. ఆ కాగితాన్ని ఇవాళ్టికి పక్కన పెట్టండి. లూపు కూడా డబ్బాలో పెట్టేయండి. ముందు వంటింట్లో పని ఉంది.

రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పట్టండి. ఒకదాంట్లో నాలుగు ఆవాలు వేయండి. రెండోదాంట్లో పది చుక్కల పాలు వేసి కలపండి. ఒక్కో గ్లాసు వెనక క్యాలెండర్ కాగితం ఆనించి తేదీలు చదవండి. ఆవాలున్న గ్లాసులోంచి అంకెలు చక్కగా కనిపిస్తాయి, అడుగున నల్ల చుక్కలు ఉంటే ఉన్నాయి. పాలు కలిపిన గ్లాసులో వెతికినా ఒక్క మచ్చ దొరకదు, కానీ అంకెలు పొగమంచు పట్టినట్టుంటాయి. డిసెంబరులో పొద్దున్నే అలిపిరి నుంచి కొండ చూసినట్టన్నమాట.

సర్టిఫికెట్లో క్లారిటీ అని రాసేది ప్రధానంగా ఆవాల లెక్క. రాయి ఎంత తేటగా ఉందన్నది వేరే సంగతి. అమెరికాలో రత్నాలను పరీక్షించే జీఐఏ సంస్థ 1953లో తెచ్చిన గ్రేడింగ్ పద్ధతే ఇవాళ్టికీ అందరికీ ఆధారం. అందులో క్లారిటీకి ఎఫ్ఎల్ (ఏ మచ్చా లేనిది) నుంచి ఐ3 (మచ్చలు బాగా ఉన్నది) దాకా పదకొండు మెట్లున్నాయి; మధ్యలో వరసగా వీవీఎస్, వీఎస్, ఎస్ఐ వస్తాయి. పారదర్శకతకు విడిగా ఒక గడి లేదు. తమాషా ఏమిటంటే, సూరత్, ముంబై వ్యాపారులు తమలో తాము రాళ్ళు అమ్ముకునేటప్పుడు స్టాకు జాబితాలో 'మిల్కీ' (పాల మసక), 'లస్టర్' (తళుకు) అని విడిగా రాసుకుంటారు. ఆ సంగతి తిరుపతి షాపు కౌంటరు దాకా వచ్చేసరికి ఎవరూ నోరెత్తరు. అందుకే మీరే అడగాలి: "ఇందులో మిల్కీ ఎంత?" ఆ మాట వినగానే అవతలి మనిషి మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

నాకు ఈ మాట తెలియక ముందు జరిగింది చెబుతాను. షాపు పేరు వద్దు. పెద్దమ్మాయి పెళ్ళికి ముప్పై సెంట్ల (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు) రాయితో ఉంగరం కొనడానికి వెళ్ళాం. ధరలో పెద్ద తేడా లేని రెండు రాళ్ళు ముందు పెట్టారు. రెండూ ఎస్ఐ1. ఒకదానికి అంచు దగ్గర లూపులో చిన్న నల్ల చుక్క కనిపించింది. రెండోదాంట్లో నాకేమీ కనిపించలేదు. ఇంకేం, శుభమా అని పెళ్ళికి కొంటూ నల్ల చుక్క ఎందుకని రెండోది తీసుకున్నాను. ఇంటికొచ్చాక మా అత్తగారు వసారాలో కూర్చుని చేతిలో తిప్పి చూసి, "ఏం పాపా, రాయి తుడవకుండానే ఇచ్చినారా?" అన్నారు. కుంకుడుకాయ రసం, పాత టూత్‌బ్రష్ అన్నీ అయ్యాయి. ఎంత కడిగినా అంతే. ఆ నల్ల చుక్క రాయే కొని, చుక్క మీదికి రాయిని పట్టుకునే బంగారు కాలు వచ్చేట్టు పొదిగించుకుని ఉంటే జన్మలో ఎవరికీ కనిపించేది కాదు.

సర్టిఫికెట్లో కామెంట్స్ దగ్గర ఒక వాక్యం ఉంది, నేను చదవలేదు. 'క్లారిటీ గ్రేడ్ ఈజ్ బేస్డ్ ఆన్ క్లౌడ్స్ దట్ ఆర్ నాట్ షోన్'. అంటే, ఈ గ్రేడు రావడానికి కారణం మేఘంలా పరుచుకున్న సన్నటి నలుసులు, వాటిని మచ్చలు ఎక్కడున్నాయో చూపే సర్టిఫికెట్ బొమ్మలో గీయలేదు అని. బొమ్మ శుభ్రంగా ఉంది కదా అని నేను మురిసిపోయాను! ఎస్ఐ1, ఎస్ఐ2 రాళ్ళ మీద ఈ వాక్యం కనిపిస్తే కళ్ళతో చూడకుండా డబ్బు కట్టకండి. 'అడిషనల్ క్లౌడ్స్ ఆర్ నాట్ షోన్' అన్నది అంత ప్రమాదం కాదు, గ్రేడుకు అసలు కారణం వేరే మచ్చ అని దాని అర్థం. మేఘాలే కాదు, రాయి పెరిగేటప్పుడు లోపల ఏర్పడే తెల్లటి చారల వల్ల కూడా మసక వస్తుంది. అది వీఎస్ రాళ్ళలోనూ అరుదుగా ఉంటుంది.

ఇక చూడడం ఎలా? షాపు లోపల ఎంతసేపు చూసినా ఒకటే. పైనున్న చిన్న చిన్న స్పాట్ లైట్ల కింద మసక రాయి కూడా తళతళలాడుతుంది. రాయి తుడిపించి, తెల్ల కాగితం మీద పెట్టి, వాకిలి దగ్గర నీడలోకి తెమ్మనండి. తిరుపతి గాంధీ రోడ్డులో వాకిలి దగ్గర నిలబడితే తోపులాటే, అయినా తప్పదు. 17వ శతాబ్దంలో మన గోల్కొండ గనులు తిరిగిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే కూడా చెట్టు నీడనే నమ్మాడు. రాయి 'నీరు' (రంగు, తేట) నీలం వైపు పోతోందా లేదా తెలియాలంటే దట్టమైన ఆకుల కిందికి తీసుకెళ్ళి చూడాలని రాశాడు. అతను వెతికింది నీలి ఛాయను, మనం వెతికేది మసకను. కానీ మిరుమిట్లు లేనిచోట రాయి నిజం చెబుతుందన్నది రెంటికీ ఒకటే.

నీడలో మెరుపు కోసం చూడకండి, నలుపు కోసం చూడండి. మంచి రాయిని మెల్లగా తిప్పితే కొన్ని ముఖాలు నల్లగా, కొన్ని తెల్లగా, గళ్ళ బట్టలాగా విడివిడిగా మారుతుంటాయి. మసక రాయిలో ఆ నలుపు బూడిద రంగులోకి దిగిపోయి, గళ్ళ అంచులు కలిసిపోతాయి. ఒక్క రాయినే చూస్తే పట్టుకోవడం కష్టం. వీవీఎస్ రాయి ఒకటి పక్కన పెట్టమనండి. కొననక్కర్లేదు, పోల్చడానికే. తర్వాత పక్కనుంచి, అంటే రాయి నడుము (చుట్టూ ఉన్న వెడల్పైన అంచు) కిందుగా చూడండి. పాలు ఉంటే అక్కడ త్వరగా తెలుస్తుంది.

పేపరు మీద రాయి బోర్లించి అక్షరాలు కనిపిస్తున్నాయా అని చూసేవాళ్ళుంటారు. అది పారదర్శకతకు పరీక్ష కాదు. వజ్రం కాంతిని విపరీతంగా వంచుతుంది, వక్రీభవన గుణకం 2.42. అందుకే ఎంత తేటైన రాయి అయినా బాగా కోసి ఉంటే కింది అక్షరాలు చదవనివ్వదు.

మన వైపు పెద్దవాళ్ళు 'బ్లూ జాగర్' రవ్వలు కావాలంటారు. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫోంటీన్ గని రాళ్ళ నీలి ఛాయ మీద వచ్చిన పేరది. ఇప్పుడు ఆ పేరుతో చూపించే రాళ్ళలో చాలావాటికి ఆ నీలం ఫ్లోరసెన్స్ వల్ల వస్తుంది, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి రాయి వెలగడం వల్ల. నాకు దాని మీద ఏ కోపమూ లేదు. ఫ్లోరసెన్స్ ఉన్న రాళ్ళు చాలావరకు తేటగానే ఉంటాయి. అయితే సర్టిఫికెట్లో స్ట్రాంగ్, వెరీ స్ట్రాంగ్ అని ఉంటే మాత్రం ఒకసారి నీడలో, ఒకసారి నేరుగా ఎండలో చూడండి. ఎండలోకి రాగానే కిరసనాయిలు తొణికినట్టు కనిపిస్తే వదిలేయండి.

ఏడు రాళ్ళ కమ్మలు కొనేవాళ్ళకు ఇదంతా ఇంకా ముఖ్యం. ఐదారు సెంట్ల రాళ్ళకు మామూలుగా విడివిడిగా సర్టిఫికెట్లు రావు, నగ మొత్తానికి ఒక కార్డు ఇస్తారు. హాల్‌మార్క్ చెప్పేది బంగారం సంగతే. వెనక మూసేసిన పాత రకం పొదుగు అయితే లోపల ఏముందో తేల్చలేం, కాబట్టి వెనక తెరిచి ఉన్న పొదుగే అడగండి. ఏడింటిలో ఒకటి మసకైనా జత మొత్తం నీరసంగా కనిపిస్తుంది.

వచ్చే పాఠానికి పని: ఇంట్లో ఉన్న రవ్వల నగ ఒకటి బాగా కడిగి, ఆరాక, సాయంత్రం నాలుగున్నరకు వసారా నీడలో, రాత్రి ట్యూబులైటు కింద చూడండి. నలుపు ఏ రాయిలో నల్లగా ఉందో, ఏ రాయిలో బూడిదగా ఉందో రాసుకోండి. ఆ తర్వాతే లూపు బయటికి తీయండి.