స్టీరియో మార్చే ముందు కరెంటు సంగతి చూసుకోండి

దసరా ఆఫర్లలో యాంప్లిఫయరు, డిక్కీలోకి ఒక సబ్ ఊఫర్ కొనేవాళ్లు మన విశాఖలో ఎక్కువే. అక్టోబరు అనగానే హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చే ఊరు మనది. ఏడాది పొడుగునా ఉండే ఉప్పుగాలికి ఆ నెలలో వాన కూడా తోడవుతుంది. వైర్ల జాయింట్లకు ఈ రెండూ పడవు.

పాత స్టీరియో తీసి కొత్తది పెట్టడం వరకే అయితే పెద్ద టెన్షన్ లేదు. 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. మీ కారు మోడల్‌కి సరిపడే కప్లర్ (వైర్లను కోయకుండా కలిపే ప్లగ్గు) కొనండి, కంపెనీ వైర్లు కోసి టేపు చుట్టనివ్వకండి. డాష్‌బోర్డు కింద పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. మామూలుగా అవి ఎయిర్‌బ్యాగులవి.

అసలు లెక్క యాంప్లిఫయరుతో మొదలవుతుంది. డబ్బా మీద పెద్దగా వేసిన వాట్లు వదిలేసి, ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె చూడండి, అది నిలకడగా ఇవ్వగల పవర్. 400 వాట్ల క్లాస్ డి యాంప్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) అనుకుందాం. 80 శాతం సామర్థ్యం అనుకుంటే అది 500 వాట్లు లాగుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఉండే 13.8 వోల్టులతో భాగిస్తే సుమారు 36 ఆంపియర్లు. అదే ఎక్కువ వృథా చేసే క్లాస్ ఏబీ రకం అయితే 50 దాటుతుంది. పాటలో అంత లాగేది దరువు పడినప్పుడే అనుకోండి. కానీ వానలో హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ కూడా నడుస్తుంటాయి. రెండు హాలోజన్ హెడ్‌లైట్లకే 8 ఆంపియర్లు పోతాయి. ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో తెలుసుకున్నాకే యాంప్ కొనండి. లైట్లు దరువుకి తగ్గట్టు మినుకుమంటున్నాయంటే మీరు ఆ లెక్క వేయలేదన్నమాట.

నేనూ వేయలేదు. పైగా నా మొదటి కారులో షాపువాళ్లు బ్యాటరీ నుంచి యాంప్‌కి వెళ్లే వైరు మెయిన్ ఫ్యూజుని సీటు కింద పెట్టారు. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు బుష్ వేయలేదు. రేకు అంచుకి రాసుకుని రాసుకుని వైరు తోలు ఊడింది. ఒక వాన సాయంత్రం ఎండాడ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన. బ్యాటరీ నెగటివ్ ఊడదీసేదాకా గుండె దడ తగ్గలేదు. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు, షార్ట్ జరిగింది బ్యాటరీకీ దానికీ మధ్యలో మరి. ఫ్యూజు కాపాడేది వైరుని, యాంప్‌ని కాదు. అందుకే అది బ్యాటరీకి రెండు జానల లోపే ఉండాలి. ఆ రోజు నుంచి 10 నంబరు స్పానర్ నా గ్లవ్ బాక్సులోనే ఉంటుంది.

వైరు కొనేటప్పుడు చివర బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగిపూత వేసిన అల్యూమినియం. అదే మందంలో రాగి మోసినంత కరెంటు మోయదు, పైగా ఉప్పు తేమకు త్వరగా పాడవుతుంది. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు అసలు రాగికే డబ్బు పెట్టాలి.

ఎర్త్ దగ్గర, అంటే యాంప్ నెగటివ్ వైరుని కారు బాడీకి బిగించే చోట, బద్ధకం పనికిరాదు. పెయింటు పూర్తిగా గీకి, మెరిసే ఇనుము కనిపించాక వైరు చివరి లగ్గు (రింగు) బిగించి, పైన గ్రీజు రాయండి. సీటు బెల్టు బోల్టుకి మాత్రం బిగించనివ్వకండి. చిలుము పట్టిన ఎర్త్ వేడెక్కుతుంది, స్పీకర్లలో ఇంజిన్‌తో పాటు పెరిగే కూత తెస్తుంది. యాంప్‌ని స్టెప్నీ గుంటలో పెట్టొద్దు, నీళ్లు చేరేది అక్కడే.

పని అయ్యాక తాళంచెవి బయటికి తీసి, డోర్లు లాక్ చేసి, అరగంట తర్వాత మల్టీమీటరుతో కారు ఎంత లాగుతోందో చూడమనండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. స్టీరియోతో పాటు యాంప్‌ని ఆన్, ఆఫ్ చేసే రిమోట్ వైరు తప్పుగా కలిపి యాంప్ ఆరకుండా అర ఆంపియర్ లాగుతుంటే రోజుకి 12 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కార్ల 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే మూడో రోజు పొద్దున సెల్ఫ్ తీసుకోదు.

రుషికొండ దగ్గర ఇంజిన్ ఆపి పాటలు వింటూ కూర్చునే అలవాటుంటే సిగరెట్ సాకెట్‌లో పెట్టుకునే చిన్న వోల్టు మీటరు కొనుక్కోండి. పాట ఆపి కాసేపు ఆగి చూసినా 12.2 దగ్గరే ఉందంటే బ్యాటరీ సగం ఖాళీ అయినట్టే, ఇక స్టార్ట్ చేసి ఇంటిదారి పట్టండి.