విశాఖ నుంచి బారువ దాకా: తీరం వెంబడి మూడు రాత్రుల కారు ప్రయాణం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మనది తూర్పు తీరం. గోవాలోలా సాయంత్రం సూర్యుడు సముద్రంలోకి దిగడు, పొద్దున్నే అందులోంచి పైకొస్తాడు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ప్లాన్ సగం అయిపోయినట్టే. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని బీచ్‌లు అన్న లెక్క తర్వాత చూసుకోవచ్చు. ఏ రోజు ఏ ఊళ్లో నిద్ర లేవాలో ముందు తేల్చుకోండి. ఉత్తరాంధ్రలో విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం జిల్లా బారువ వరకు మూడు రాత్రుల ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

1. ముందు నెల ఎంచుకోండి

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం ఉంటుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడింది, తిత్లీ 2018 అక్టోబరు 11న ఉద్దానం కొబ్బరితోటలను కూల్చేసింది. వేసవిలో ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం, చేపల కోసమే వెళ్లేవాళ్లకి నిరాశ తప్పదు.

ఒక్క జాగ్రత్త. ఈ మంచి కాలంలోనే రథసప్తమి వస్తుంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనంతో ఆ రోజుల్లో శ్రీకాకుళంలో గది దొరకడం కష్టం. తేదీలు ఖాయం చేసుకునే ముందు ఒకసారి పంచాంగం చూడండి.

2. మ్యాపు చూసి మోసపోకండి

మ్యాపులో 16వ నంబరు జాతీయ రహదారి తీరం పక్కనే పోతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ రోడ్డు మీద ఎంతసేపు పోయినా సముద్రం కనిపించేది అరుదే. పోనీ తీరం వెంటే పోదామంటే గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ అడ్డొస్తాయి. చాలాచోట్ల నది ముఖద్వారం దగ్గర రోడ్డు ఆగిపోతుంది. మళ్లీ హైవే ఎక్కి, వంతెన దాటి, ఇంకోచోట సముద్రం వైపు దిగాలి. హైవేను దువ్వెన వెన్ను అనుకుంటే తీరానికి పోయే రోడ్లు దాని పళ్లు. ఏ పన్ను వెంట దిగాలో, దేన్ని వదిలేయాలో తేల్చుకోవడమే ఇక్కడ ప్లానింగ్. రోజుకి రెండు చాలు, మూడోది పెట్టుకుంటే చీకటి పడిపోతుంది. చలికాలంలో ఇక్కడ ఐదున్నరకే పొద్దు గుంకుతుంది మరి.

ఫోన్‌లో చివరి ఊరి పేరు మాత్రమే కొడితే అది మిమ్మల్ని హైవే మీదుగానే తీసుకుపోతుంది. కాబట్టి తీరంలో చూడాలనుకున్న ప్రతి ఊరినీ మధ్య స్టాపుగా పెట్టుకోండి. అది చెప్పే సమయానికి పల్లె రోడ్ల మీద మరో అరగంట కలుపుకోండి. కోతలయ్యాక కొన్ని ఊళ్లలో సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది.

3. రాత్రి బసలు

మొదటి రాత్రి భీమిలి. విశాఖలోనే ఉండిపోవచ్చు కదా అంటారు. ఉండొచ్చు, కానీ ఆర్కే బీచ్‌లో ఉదయం కూడా జనమే. మధ్యాహ్నం భోజనం చేసి ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరండి. కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడాలంటే సోమవారం వద్దు, ఆ రోజు సెలవు. అక్కణ్నుంచి భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్ల బీచ్ రోడ్డు. ఈ ప్రయాణం మొత్తంలో సముద్రం మిమ్మల్ని వదలకుండా ఉండేది ఈ ముక్కలోనే. దారిలో తొట్లకొండ ఎక్కండి. పైన బౌద్ధ ఆరామం శిథిలాలు, కింద సముద్రం. ఎర్రమట్టి దిబ్బలు మాత్రం నాలుగు దాటాకే చూడండి. ఏటవాలు ఎండలో ఆ ఎరుపు రంగు తేలుతుంది. దిబ్బల అంచులెక్కి ఫొటోలు దిగకండి, అది గట్టి రాయి కాదు, జారిపోయే ఇసుక. మర్నాడు పొద్దున్నే గోస్తని సముద్రంలో కలిసేచోటికి నడిచి వెళ్లి, తర్వాత డచ్చివాళ్ల పాత సమాధులు చూసి రావచ్చు.

రెండో రాత్రి శ్రీకాకుళం పట్టణంలో. భోగాపురం, చింతపల్లి బీచ్ మీదుగా హైవే చేరి, శ్రీకాకుళంలో గది తీసుకుని, సాయంత్రం శ్రీకూర్మం వెళ్లండి. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే గుడి అది, రెండు ధ్వజస్తంభాలుంటాయి. అసలు పని మర్నాడు ఉదయం: చీకటితోనే లేచి కళింగపట్నం పోవాలి. ఐదింటికి బయల్దేరితే సూర్యోదయానికి ముందే అక్కడుంటారు. ఒకప్పటి ఓడరేవు, ఇప్పుడు లైట్‌హౌస్, పడవలు, వంశధార. విశాఖలో దొరకని విశాలం ఇక్కడుంది. నన్నడిగితే ఈ ప్రయాణంలో ఒక్క ఉదయమే మిగిలినా దాన్ని కళింగపట్నానికే ఇస్తాను. తిరిగొస్తూ శాలిహుండం కొండ మీది స్తూపాలు చూసుకోవచ్చు.

మూడో రాత్రి బారువ. దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. చలికాలంలో వలస వచ్చిన పెలికాన్లు, కొంగలు ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. బారువలో గదులు తక్కువ. బయల్దేరకముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. దొరక్కపోతే పలాస-కాశీబుగ్గలో దిగి, తెల్లవారుజామున బారువ వెళ్లొచ్చు. జీడిపప్పు కొనుక్కునేదీ పలాసలోనే. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఇసుకలో టార్చిలైటు వేయకండి, కారు హెడ్‌లైట్లు సముద్రం వైపు తిప్పకండి, వెలుతురుకి అవి దారి తప్పుతాయి.

4. కారు సంగతి

హైదరాబాద్ వాళ్లు 600 కిలోమీటర్లకు పైగా కారు నడుపుకుంటూ విశాఖ చేరేసరికి ఒక రోజూ, సగం ఓపికా అయిపోతాయి. రాత్రి రైలెక్కి దిగి, విశాఖలో కారు అద్దెకు తీసుకోవడం మేలు. ఫాస్టాగ్‌లో డబ్బులుంచుకోండి, నాతవలస, మడపాం దగ్గర టోల్‌గేట్లున్నాయి. పెట్రోలు హైవే దిగకముందే పోయించండి. ఇసుకలోకి మాత్రం కారు దించొద్దు. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోతుకు పోతుంది. టైర్లలో గాలి కొంత తగ్గించి, చక్రాల ముందు ఇసుక తోడి, మెల్లగా కదపాలి. ఇంటికొచ్చాక ఉప్పుగాలి పట్టిన బండిని కింది భాగంతో సహా కడిగించండి.

5. నీళ్లలోకి దిగేముందు

వలలు సర్దుకుంటున్న వాళ్లని అడగండి. వాళ్లు వద్దన్నచోట మోకాలి లోతుకి కూడా దిగొద్దు. పైకి ప్రశాంతంగా కనిపించేచోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. నది కలిసేచోట అసలు వద్దు.

6. తిరుగు ప్రయాణం

బారువ నుంచి విశాఖ సుమారు 210 కిలోమీటర్లు. సూర్యోదయం చూసి, టిఫిన్ చేసి బయల్దేరినా మధ్యాహ్నం భోజనం వేళకి తగరపువలస చేరతారు. అక్కడ హైవే వదిలి మళ్లీ భీమిలి మీదుగా రండి. వెళ్లేటప్పుడు కుడివైపున్న సముద్రం ఇప్పుడు ఎడమన, మీ లేన్ పక్కనే ఉంటుంది. ఎక్కడ నచ్చితే అక్కడ పక్కకి ఆపుకోవచ్చు. ఆ రోజు ఆదివారమై, సాయంత్రం కూడా అయిపోతే ఈ దారి వద్దు. రుషికొండ దగ్గర బండ్ల బారులో ఇరుక్కుంటారు. ఆనందపురం మీదుగా ఊళ్లోకి వచ్చేయండి.