బీజగణితంలో ప్రతి సోపానానికీ కారణం: వాస్తవ సంఖ్యల ధర్మాలను వాడే పద్ధతి

సమాసాన్ని సూక్ష్మీకరించేటప్పుడు గానీ, సమీకరణాన్ని సాధించేటప్పుడు గానీ మనం వేసే ప్రతి సోపానానికీ వాస్తవ సంఖ్యల ధర్మం ఏదో ఒకటి ఆధారంగా ఉంటుంది. ధర్మాల పేర్లను పరీక్ష కోసం వల్లెవేసి, లెక్క చేసే సమయానికి వాటిని పక్కన పెట్టేసే విద్యార్థులకే ధన, రుణ గుర్తుల దగ్గర తప్పులు ఎక్కువగా దొర్లుతాయి. అందువల్ల ప్రతి సోపానం పక్కన దానికి కారణమైన ధర్మం పేరు రాయడం అలవాటు చేసుకోవాలి.

మొదట చేయవలసిన పని వ్యవకలనాన్ని సంకలనంగా మార్చుకోవడం. స్థిత్యంతర (క్రమం మార్చినా ఫలితం మారదు), సహచర (బ్రాకెట్ల స్థానం మార్చినా ఫలితం మారదు) ధర్మాలు సంకలనానికీ గుణకారానికీ మాత్రమే వర్తిస్తాయి. 9 − 4, 4 − 9 సమానం కావు. (12 ÷ 6) ÷ 2 విలువ 1 కాగా, 12 ÷ (6 ÷ 2) విలువ 4. అదే 9 − 4 ను 9 + (−4) అని రాసుకుంటే పదాలను ఏ క్రమంలోనైనా కూడవచ్చు.

తెలియని రాశిని ‘య’ అనుకొని, 7 − 3(య − 4) + 5య అనే సమాసాన్ని తీసుకుందాం. చాలామంది ఇక్కడ 7 లోంచి 3 తీసివేసి 4(య − 4) అని రాస్తారు. లేదా 3 ముందున్న రుణ గుర్తును బ్రాకెట్‌లోని మొదటి పదానికే వర్తింపజేసి −12 అని వేస్తారు. సమాసాన్ని 7 + (−3)[య + (−4)] + 5య అని తిరగరాస్తే ఈ రెండు పొరపాట్లకూ చోటుండదు. విభాగ న్యాయం (బ్రాకెట్ బయటి సంఖ్య లోపలి ప్రతి పదాన్నీ గుణిస్తుంది) ప్రకారం −3 బ్రాకెట్‌లోని రెండు పదాలనూ గుణించాలి కాబట్టి 7 + (−3య) + 12 + 5య వస్తుంది. స్థిత్యంతర, సహచర ధర్మాలతో సజాతి పదాలను ఒకచోట చేర్చి, మళ్లీ విభాగ న్యాయంతో (−3 + 5)య = 2య అని కలిపితే ఫలితం 2య + 19. య = 1 అయినప్పుడు మొదటి సమాసం, చివరి సమాసం రెండూ 21 అవుతాయి; ఇలా ఒక విలువను ప్రతిక్షేపించి సరిచూసుకోవడం ఎప్పుడూ మంచిది.

రెండు రుణ సంఖ్యల లబ్ధం ధనాత్మకం కావడానికి కూడా విభాగ న్యాయమే కారణమన్న సంగతి పిల్లలకు తప్పక చూపించాలి. (−3)[4 + (−4)] విలువ సున్న; విస్తరిస్తే −12 + (−3)(−4) = 0. −12 కు సంకలన విలోమం (కూడితే సున్న ఇచ్చే సంఖ్య) 12 ఒక్కటే కనుక (−3)(−4) = 12 తప్ప మరొకటి కాజాలదు.

సమీకరణాలలో పని చేసేవి విలోమ, తత్సమ ధర్మాలు. 2య + 19 = 5 లో 19 ని పక్షాంతరం చేస్తే (రెండో వైపుకు మారిస్తే) గుర్తు మారుతుందని నేర్పడం కంటే, రెండు వైపులా −19 కూడుతున్నామని నేర్పడం మేలు. 19 + (−19) సంకలన తత్సమాంశమైన (దేనికి కూడినా దాని విలువను మార్చని) 0 అవుతుంది, 2య = −14 మిగులుతుంది. తరువాత 2 యొక్క గుణకార విలోమమైన (గుణిస్తే 1 ఇచ్చే) 1/2 తో రెండు వైపులా గుణిస్తే య = −7.

సున్నకు మాత్రం గుణకార విలోమం లేదు, ఎందుకంటే సున్నను దేనితో గుణించినా 1 రాదు. అందుకే య² = 5య అనే సమీకరణాన్ని నేరుగా య తో భాగించకూడదు; భాగిస్తే 5 ఒక్కటే దొరికి, మరో సాధన అయిన 0 జారిపోతుంది. 5య ను ఎడమవైపుకు తెచ్చి య(య − 5) = 0 అని రాస్తే, లబ్ధం సున్న కావాలంటే కారణాంకాలలో ఒకటైనా సున్న కావాలి కాబట్టి, 0, 5 రెండూ లభిస్తాయి.