ఐడిల్‌లో వణికే పాత జీఎం బండి: సెన్సర్ మార్చే ముందు గాలి ఎటు పోతోందో చూడండి

ఇంజన్ వేడెక్కింది, సిగ్నల్ దగ్గర ఆపితే స్టీరింగ్ వణుకుతుంది, వెనక పెట్రోలు వాసన, చెక్ ఇంజన్ లైటు కాసేపు వెలిగి కాసేపు ఆరుతుంది. కోడ్ చూస్తే 44, అంటే ఎగ్జాస్ట్ లీన్‌గా (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) ఉందని కంప్యూటర్ గోల. వెంటనే అందరూ చేసేది ఆక్సిజన్ సెన్సర్ మార్చడం. తగ్గదు. తర్వాత టీపీఎస్ (యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చెప్పే సెన్సర్), ఆ తర్వాత కార్బ్యురేటర్ మొత్తం విప్పి కిట్ వేయడం. అప్పటికీ తగ్గకపోతే బండి నా దగ్గరికొస్తుంది, అదీ ఐడిల్‌లో గాలి, పెట్రోలు పాళ్ళు సరిచేసే మిక్చర్ స్క్రూల మీద ఫ్యాక్టరీ వేసిన మూతలు పీకేసి, ఎవరికి తోచినట్టు వాళ్ళు తిప్పేసిన తర్వాత.

నేను చెప్పేది 1981 నుంచి ఆ దశాబ్దం చివరిదాకా అమెరికాలో అమ్ముడైన కార్బ్యురేటర్ జీఎం (జనరల్ మోటార్స్) కార్ల గురించి. మాంటే కార్లో, కట్లస్, కాప్రిస్ లాంటివి, ముఖ్యంగా వీ8 మీద ఈ4ఎంఈ క్వాడ్రాజెట్ అనే కార్బ్యురేటర్ కూర్చున్నవి. కార్బ్యురేటర్‌లోనే ఒక సోలెనాయిడ్ (కరెంటు ఇస్తే కదిలే అయస్కాంత స్విచ్చు లాంటిది) సెకనుకు పది సార్లు కొట్టుకుంటూ పెట్రోలు ఎంత పోవాలో కోస్తుంటుంది, దానికి కరెంటు ఎంతసేపు ఇవ్వాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. కరెంటు ఉన్నంతసేపు లీన్, లేనంతసేపు రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. ఇది బుర్రకెక్కితే మిగతాదంతా సులువే.

ఎవరూ చేయని పని ఒకటుంది: డ్వెల్ మీటర్ తగిలించడం. ఆ సోలెనాయిడ్‌కి కరెంటు ఎంతసేపు ఉంటోందో డిగ్రీల్లో చూపించేది అదే. కార్బ్యురేటర్ పక్కన వైరింగులో దేనికీ కలపని ఆకుపచ్చ కనెక్టర్ ఒకటి వేలాడుతుంటుంది, అది ఇందుకే పెట్టారు. సిలిండర్లు ఎనిమిదైనా మీటర్‌ని 6 సిలిండర్ల స్కేల్ మీదే పెట్టాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ముల్లు 30 చుట్టుపక్కల అటూ ఇటూ ఊగుతుంటే క్లోజ్డ్ లూప్‌లో ఉంది, అంటే ఆక్సిజన్ సెన్సర్ చెప్పేది విని కంప్యూటర్ పెట్రోలు సరిచేస్తోంది, సంతోషం. 10 దగ్గరో ఇంకా కిందో అతుక్కుంటే కంప్యూటర్ పెట్రోలు పోయించేస్తోంది. 50 దాటి అతుక్కుంటే పెట్రోలు కోసేస్తోంది. మధ్యలో ఎక్కడో అసలు కదలకుండా ఒకే అంకె మీద నిలబడితే ఓపెన్ లూప్, అంటే సెన్సర్ మాట వినట్లేదు. ఆ పాత ఆక్సిజన్ సెన్సర్‌కి హీటర్ ఉండదు కాబట్టి ఎక్కువసేపు ఐడిల్‌లో పెడితే చల్లారి ఓపెన్ లూప్‌లోకి పడిపోతుంది, అందుకే రెండు మూడు నిమిషాలు 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి అప్పుడు చూడండి. ఈ అయిదు నిమిషాల పని చేయకుండా సెన్సర్లు కొనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ముల్లు కింద అతుక్కుంటే ఏం చేయాలి? ముందు వ్యాక్యూమ్ లీకు, అంటే ఇంజన్ దొంగచాటుగా గాలి పీల్చే కన్నం. బానెట్ కింద స్టిక్కర్ మీద హోస్‌ల బొమ్మ ఉంటుంది, ఒక్కొక్కటీ దాంతో సరిపోల్చండి. ముప్పై, నలభై ఏళ్ళ నాటి రబ్బరు, వంచితే పెళ్ళున విరుగుతుంది. పీసీవీ హోస్ (ఇంజన్ లోపలి ఆవిర్లని తిరిగి పీల్చేది) మోచేతి వంపు కింద భాగం వేలితో తడిమి చూడండి, పైనుంచి బాగున్నట్టు కనిపించి అడుగున చీలి ఉంటుంది. కార్బ్యురేటర్ అడుగు గ్యాస్కెట్, బ్రేక్ బూస్టర్ హోస్ కూడా. కార్బ్ క్లీనర్ కొట్టి వెతికే పనైతే వేడి మానిఫోల్డ్ మీద పడకుండా చూసుకోండి. ఇంకో గుర్తు: ఐడిల్‌లో 12, 15 చూపించి 2000 దాటగానే 30కి వచ్చేస్తే దాదాపు వ్యాక్యూమ్ లీకే, ఎందుకంటే ఇంజన్ గాలి ఎక్కువ పీల్చేకొద్దీ ఆ చిన్న కన్నం లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు దొంగ సంగతి. ఐడిల్‌లోనూ, రేజ్ చేసినా కూడా డ్వెల్ కిందే ఉంది, కానీ సైలెన్సర్ చివర నల్లటి మసి, ప్లగ్గులు విప్పితే నల్లగా ఉన్నాయి. లీన్ అని కోడ్, ప్లగ్గులేమో రిచ్ అంటున్నాయి. ఇక్కడే జనం కంప్యూటర్ పోయిందని తీర్మానిస్తారు. కంప్యూటర్ పోలేదు, దాన్ని ఎవరో మోసం చేస్తున్నారు. ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్రోలు తెలీదు, ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. బయటిగాలి కాస్త ఎగ్జాస్ట్‌లో కలిసినా దానికి లీన్‌గానే కనిపిస్తుంది, వోల్టేజి 0.45 కంటే కింద పడిపోతుంది, కంప్యూటర్ పాపం ఉన్న పెట్రోలంతా పోస్తుంది.

ఆ గాలి ఎక్కడిదంటే, ఇంజన్ ముందు బెల్టు మీద తిరుగుతూ పొగలోని విషవాయువులు తగ్గించడానికి ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టే స్మాగ్ పంపుది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పంపు గాలి ఎగ్జాస్ట్ పోర్టుల్లోకి పోవాలి. వేడెక్కి క్లోజ్డ్ లూప్‌లోకి రాగానే ఒక వాల్వు దాన్ని వెనక క్యాటలిటిక్ కన్వర్టర్ వైపు మళ్ళించాలి. ఆ వాల్వు లోపల సీటు తినేసినా, ఇరుక్కున్నా, దాన్ని నడిపే సోలెనాయిడ్ వ్యాక్యూమ్‌ని ఆపలేకపోయినా, లేదా ఎవరో హోస్‌లు అటుదిటు ఇటుదటు పెట్టినా, గాలి పోర్టుల్లోకే కారుతూ ఉంటుంది. పూర్తిగా రానక్కర్లేదు, కొంచెం కారినా చాలు. నన్ను బాగా తిప్పలు పెట్టింది ఈ కొంచెం కారే రకమే, ఎందుకంటే వాల్వు చూడ్డానికి మామూలుగానే పనిచేస్తుంటుంది, చెయ్యి పెడితే గాలి ఎక్కువ కన్వర్టర్ వైపే పోతున్నట్టు ఉంటుంది.

పరీక్ష చాలా తేలిక. ఇంజన్ వేడిగా, డ్వెల్ మీటర్ తగిలించి ఉండగా, వాల్వు నుంచి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు పోయే లావు హోస్‌ని గట్టిగా నొక్కి మూసేయండి, బిగపట్టే ప్లయర్ ఉంటే ఇంకా మంచిది, అయితే రబ్బరు చీలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. కాసేపట్లో ముల్లు 10 నుంచి లేచి 30 వైపు వచ్చేసిందా, ఇంజన్ వణుకు తగ్గిందా, ఇక వెతకడం ఆపండి. వీ8లో రెండు మానిఫోల్డులకీ పైపులు పోతాయి, వాల్వు దగ్గరే నొక్కితే రెండూ మూసినట్టే.

దొరికింది కదా అని వాల్వు ఒక్కటే మార్చి వదిలేయకండి. అది ఎందుకు పోయిందో చూడాలి. మానిఫోల్డ్ దగ్గర చెక్ వాల్వులుంటాయి, వేడి ఎగ్జాస్ట్ వెనక్కి రాకుండా. అవి తుప్పు పట్టి లీకైతే ఆ వేడి హోస్‌లోంచి వెనక్కి తన్ని వాల్వుని కాల్చేస్తుంది. హోస్ విప్పి చివర చూడండి, లోపల రబ్బరు గట్టిపడి, మాడి, గోటితో గీకితే పొడి రాలుతుంటే చెక్ వాల్వు పోయిందని అర్థం. ఇంజన్ ఆన్‌లో ఉండగా చెక్ వాల్వు నోటి దగ్గర ఎగ్జాస్ట్ తగలకూడదు. అవి మార్చకుండా కొత్త వాల్వు వేస్తే అదీ కాలిపోతుంది, డబ్బు దండగ.

పంపు గాలి కాకపోతే సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకు చూడండి, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర చల్లటి ఇంజన్‌లో టిక్కు టిక్కుమనేది అదే. ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టినా ఇదే కథ, కాలని ఆక్సిజన్ అంతా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, సెన్సర్ లీన్ అంటుంది. ప్లగ్ వైర్లు చీకట్లో చూస్తే మెరుపు కనిపిస్తుంది.

సెన్సర్లు నిజంగా పోవడం నేను తక్కువ చూశాను. టీపీఎస్: 5 వోల్టుల మీద నడుస్తుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సుమారు అర వోల్టు (మీ ఇంజన్ అంకె మాన్యువల్‌లో చూసుకోండి), మెల్లగా తొక్కితే మధ్యలో పడకుండా పెరగాలి. అది పడితే తొక్కినప్పుడు తడబడుతుంది, ఐడిల్ వణకడం దాని పని కాదు. నీళ్ళ ఉష్ణోగ్రత సెన్సర్: 20 డిగ్రీల దగ్గర దాదాపు 3400 ఓములు, 100 దగ్గర 185 చుట్టుపక్కల. అంకెలు బాగుండి కూడా క్లోజ్డ్ లూప్ రాకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుందేమో చూడండి, చవగ్గా తేలిపోతుంది.

డ్వెల్ 50 దాటి అతుక్కున్న బండ్లది వేరే దారి. చార్‌కోల్ క్యానిస్టర్ (పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) నుంచి ఇంజన్‌కి వచ్చే పర్జ్ హోస్ మూసి చూడండి, ముల్లు దిగితే క్యానిస్టర్ పెట్రోలుతో నిండిపోయింది. లేకపోతే కార్బ్యురేటర్‌లో తేలే ఫ్లోట్ బరువెక్కి ఉంటుంది, లేదా సోలెనాయిడ్ ఇరుక్కుంటుంది. ఇంజన్ ఆపి, కీ ఆన్ చేసి, డ్యాష్ కింద 12 పిన్నుల కనెక్టర్లో ఎ, బి కలపండి: సోలెనాయిడ్ టకటకమంటూ ఉండాలి, చెక్ ఇంజన్ లైటు మెరుస్తూ కోడ్ 12 చూపించాలి. ఈ 12 అనేది తప్పు కాదు, ఇంజన్ తిరగట్లేదని చెప్పడమే, దాన్ని చూసి టెన్షన్ పడి ఫోన్ చేయకండి.

ఈజీఆర్ (కొంత ఎగ్జాస్ట్‌ని తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) తెరిచి ఇరుక్కోవడం, కంప్యూటర్ చచ్చిపోవడం, మ్యాప్ సెన్సర్ (ఇంజన్ వ్యాక్యూమ్ కొలిచేది) పాడవడం, ఇవన్నీ ఉంటాయి గానీ అరుదు. ఈజీఆర్ అయితే డయాఫ్రం వేలితో పైకి తొయ్యండి, ఇంజన్ పడిపోవాలి, తేడా ఏం రాకపోతే అది ముందే తెరిచి ఉందేమో అప్పుడు విప్పండి. మిక్చర్ స్క్రూలు మాత్రం పైవన్నీ సరిగ్గా ఉన్నాకే, అదీ మీటర్ చూస్తూనే ముట్టుకోండి. టైమింగ్ (ప్లగ్గు ఎప్పుడు నిప్పు రాల్చాలో) చూసేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ దగ్గర నాలుగు వైర్ల కనెక్టర్ తీసి చూడాలి, తీయకుండా చూస్తే వచ్చే అంకె మీది కాదు, కంప్యూటర్‌ది.