గిన్నెకోళ్లు తెచ్చే ముందు చూసుకోవాల్సినవి

ముందు పక్కింటోళ్లతో మాట్లాడండి. కుక్క వచ్చినా, కొత్త మనిషి కనిపించినా గిన్నెకోళ్లు గోల గోల చేస్తాయి. హన్మకొండలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య వద్దనే చెప్తాను. ఊళ్లో పెరడో, పొలం దగ్గర షెడ్డో ఉంటే నిశ్చింతగా పెంచండి.

కోడిపిల్లల్ని తెచ్చేదుంటే ముసురు పట్టే రోజుల్లో తేవద్దు. పెద్దయ్యాక మొండివే గానీ, మొదటి నెల తడి, చలి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. తెచ్చే ముందురోజే బల్బు వేసి గూడు వేడిగా ఉంచండి, మొదటి వారం 35 డిగ్రీల దాకా కావాలి. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి పెడుతున్నట్టు. దూరం జరిగి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు.

- నీళ్ల గిన్నె లోతు లేనిది పెట్టి, అందులో గులకరాళ్లు వేయండి. లేకుంటే పిల్లలు మునిగి చస్తాయి.
- కింద న్యూస్‌పేపర్ వద్దు, కాళ్లు జారి వంకరపోతాయి. వడ్ల ఊక మీద గోనెపట్టా పరవండి.
- మాంసకృత్తులు ఎక్కువున్న దాణా కావాలి. బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ (బ్రాయిలర్ కోడిపిల్లలకు మొదట్లో పెట్టే దాణా) సరిపోతుంది, ఒక్క నూకలతో పెరగవు.
- ముంగిస, పిల్లి దూరకుండా సన్న జాలి కొట్టండి. పైకప్పు కూడా మూయాలి, ఇవి బాగా ఎగురుతాయి.

పెద్దవి తెస్తే వెంటనే వదలొద్దు. కొన్ని వారాలు షెడ్డులోనే మేపితే ఇల్లు గుర్తుపడతాయి. లేదంటే చీకటి పడగానే ఏ చింతచెట్టో ఎక్కి కూర్చుంటాయి.

టీకాల సంగతి మీ మండల పశువైద్యుణ్ని ముందే అడగండి.